శాలిబండ నుంచి రన్‌వే దాకా

టికెట్ కొనడానికి వచ్చినవాళ్లు ధర అడిగాక రెండే అడుగుతారు. ఎంత దూరం, ఎంతసేపు. హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ సడక్ మీద ట్రావెల్స్ దుకాణం పెట్టినప్పటి నుంచి ఈ రెండింటికీ జవాబు చెప్పడమే నా పని. లాల్‌దర్వాజ నుంచి వచ్చే పెద్దమ్మ తెలుగులో అడుగుతుంది. మొగల్‌పురా నుంచి వచ్చే ఖాలా "కిత్తా టైమ్ లగ్తా బేటా" అంటుంది. కంప్యూటర్ తెర మీద కనపడే అంకె ఇద్దరికీ ఒకటే. ఆ అంకె చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పదు. అది ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ఎయిర్‌పోర్టుకు పట్టే సమయం. మనిషి బయల్దేరేది ఇంటి గడప నుంచి.

మా ఊరి విమానాల చరిత్ర తెలుసుకున్నకొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటే. గాలిలో ప్రయాణం ఎనభై ఏళ్లలో మనం అనుకున్నంత మారలేదు. మారిందంతా నేల మీద. గడప నుంచి విమానం మెట్ల దాకా ఉన్న తోవను ఎవరు పట్టించుకున్నారు, ఎవరు వదిలేశారు అన్నదే అసలు చరిత్ర.

మా దగ్గర ఎక్కువమంది అడిగే విజయవాడతోనే మొదలుపెడతాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరానికి గాలిలో సుమారు 265 కిలోమీటర్లు. రోడ్డు మీద హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275. అంటే ఆ హైవే కూడా ఇంచుమించు సూటిగానే తూర్పుకు పోతుంది, పెద్ద చుట్టు ఎక్కడా లేదు. కాబట్టి విమానానికి దూరంలో మిగిలేదేమీ లేదు, మిగిలితే వేగంలోనే మిగలాలి. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ విమానం పైకి చేరి నిలకడగా ఎగిరేటప్పుడు గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ లెక్కన అరగంట పైన కొంచెం చాలు. టైమ్‌టేబుల్‌లో మాత్రం గంట అని ఉంటుంది.

దీనికి కారణం అడిగినవాళ్లకు నేను ఓపిగ్గా చెబుతాను. విమాన ప్రయాణ సమయాన్ని గాలిలోకి లేచినప్పటి నుంచి లెక్కపెట్టరు. ఆగి ఉన్న విమానం చక్రాలకు అడ్డంగా పెట్టిన దిమ్మెలు తీసిన నిమిషం నుంచి, అవతలి ఊళ్లో మళ్లీ దిమ్మెలు పెట్టే నిమిషం దాకా లెక్క. ఆ మధ్యలో విమానం రన్‌వే చివరిదాకా నేల మీద నడవాలి, ముందున్న విమానాల వెనక వరుసలో ఆగాలి, పైకెక్కేటప్పుడు తక్కువ వేగంతో పోవాలి, దిగేటప్పుడు ఇంకా తగ్గాలి, దిగాక మళ్లీ నేల మీద నడవాలి. ఈ ఖర్చు 265 కిలోమీటర్ల ప్రయాణానికైనా ఢిల్లీ ప్రయాణానికైనా ఇంచుమించు ఒకటే. అందుకే దూరం సగమైతే సమయం సగం కాదు. దగ్గరి ఊళ్ల మధ్య విమానం ఎప్పుడూ కొంత నష్టంతోనే బయల్దేరుతుంది.

గాలి సంగతి ఇంకొకటి. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, గన్నవరం రన్‌వే కూడా దాదాపు అంతే. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి వైపు నుంచి వస్తుంది. అంటే తూర్పున ఉన్న విజయవాడకు పోవలసిన విమానం ముందు పడమరకు లేచి, వెనక్కి తిరిగి, గన్నవరం దాటి తూర్పుకు పోయి, మళ్లీ పడమరకు తిరిగి దిగాలి. చలికాలంలో గాలి తూర్పుకు మారితే ఈ చుట్టు తగ్గుతుంది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దవాళ్లు "విమానం ఎటో పోతున్నదేంది" అని కంగారుపడతారని టికెట్ చేతికిచ్చేటప్పుడే ఈ మాట చెబుతాను.

ఇక గడప లెక్క. శాలిబండ నుంచి శంషాబాద్‌కు దారి బాగుంటే ముప్పావు గంట, లేకపోతే గంటపైన. చెకిన్ కౌంటర్ గంట ముందే మూస్తారు కాబట్టి రెండు గంటల ముందే చేరడం మేలు. విమానం గంట. సామాను వచ్చేసరికి కొంతసేపు. గన్నవరం నుంచి విజయవాడ ఊళ్లోకి ఇంకో 20 కిలోమీటర్లు. మొత్తం అయిదు గంటలు. శాలిబండ నుంచి నాలుగైదు కిలోమీటర్లలో ఉన్న ఇమ్లీబన్ బస్టాండులో బస్సెక్కినా దాదాపు అంతే. మోకాళ్ల నొప్పులతో అన్నిగంటలు కూర్చోలేనివాళ్లకూ, శంషాబాద్‌లో దిగి అటునుంచి అటే వేరే విమానం ఎక్కేవాళ్లకూ నేను విమానం చెబుతాను. మిగతావాళ్లకు బస్సు చెబుతాను, నా కమీషన్ పోయినా సరే.

ఈ మొత్తం ప్రయాణాన్ని ఒకే చేతి కింద పెట్టి చూసిన కాలం ఒకటి మా ఊళ్లోనే ఉండేది. మా నాన్న నిజాం స్టేట్ రైల్వేలో కాచిగూడ పార్సెల్ గుమాస్తా. "రైలు మాదే, బస్సు మాదే, విమానం మాదే" అనేవాడు. చిన్నప్పుడు అది మురిపెం కొద్దీ అన్న మాట అనుకునేవాణ్ణి. అది అక్షరాలా నిజం.

1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ చేతిలోంచి తన చేతిలోకి తీసుకుంది. 1932 జూన్‌లో అదే రైల్వే రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో సర్వీసులు మొదలుపెట్టింది. ఇవాళ్టి ఆర్టీసీకి మూలం అదే. అదే ఏడాది అక్టోబర్‌లో టాటాల టపా విమానం కరాచీ నుంచి బొంబాయి మీదుగా మద్రాసుకు ఎగిరింది. కరాచీ నుంచి బొంబాయి దాకా జేఆర్‌డీ టాటా స్వయంగా నడిపారు, అక్కడి నుంచి మద్రాసు దాకా నెవిల్ విన్సెంట్ నడిపారు. ఆ విమానం బొంబాయి, మద్రాసుల మధ్య ఆగింది బళ్లారిలో. దేశంలోకెల్లా ఎక్కువ జనాభా ఉన్న సంస్థానానికి రాజధాని అయిన హైదరాబాద్ ఆ మొదటి దారిలో లేదు.

అప్పటికి హైదరాబాద్ పేరు మాత్రం ఆకాశంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి నిజాం ఇచ్చిన డబ్బుతో ఒక దళానికి విమానాలు సమకూరాయి, అది 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ అయింది. రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాద్ పేరు వచ్చింది. 152వ దళం చిహ్నం మీద నిజాం తలపాగా ఉండేది. ఇంగ్లండ్ మీద ఎగిరే విమానాలకు మా ఊరి పేరు ఉన్నా, మా ఊరికి సొంత విమాన కంపెనీ రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

1930లలో హైదరాబాద్ ఏరో క్లబ్‌తో పాటు బేగంపేట మైదానం తయారైంది. అక్కడి ఎయిర్‌పోర్టుకు పునాదిరాయి వేసింది నిజాం పెద్ద కోడలు దుర్రూషెహ్వార్. ఆమె పేరుతో ఉన్న ఆస్పత్రి మా దుకాణానికి దూరం కాదు, పురానీ హవేలీ దగ్గర ఉంది. పాతబస్తీలో పిల్లలకు జ్వరమొస్తే ముందు తలచుకునేది ఆ ఆస్పత్రినే. విమానాశ్రయానికి రాయి వేసిందీ ఆమేనని ఆ పిల్లల తల్లులకు చెబితే ఆశ్చర్యపోతారు.

దక్కన్ ఎయిర్‌వేస్ పుట్టింది 1945లో, ప్రజలకు సర్వీసులు మొదలైంది 1946లో. అందులో 71 శాతం నిజాం రైల్వేది, 29 శాతం టాటాలది. విమానాల్లో ఎక్కువ భాగం యుద్ధం ముగిశాక మిగిలిన డకోటాలే. బేగంపేట నుంచి మద్రాసు, బెంగళూరు, బొంబాయి, ఢిల్లీ దారుల్లో తిరిగాయి. పెద్ద కంపెనీలు ఆడమనిషిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టడానికి జంకుతున్న రోజుల్లో ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగం ఇచ్చింది ఈ కంపెనీయే. భారతదేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఆమె. 1947లో లైసెన్సు తెచ్చుకుని, 1949లో జాతీయ విమాన పందెం గెలిచింది. బేగంపేట చరిత్ర చెప్పేటప్పుడు నవాబుల పేర్ల కంటే ముందు ఆమె పేరు చెప్పాలని నా పట్టు.

డకోటా నిలకడ వేగం గంటకు సుమారు 270 కిలోమీటర్లు. బేగంపేట నుంచి మద్రాసు మీనంబాకానికి గాలిలో దాదాపు 530. అంటే రెండు గంటల ప్రయాణం. ఇవాళ గంటకు 800 కిలోమీటర్లు పోగల జెట్ విమానం శంషాబాద్ నుంచి చెన్నైకి టైమ్‌టేబుల్‌లో చూపించేది గంటా పావు. మూడింతల వేగం వచ్చింది, ముప్పావు గంట మిగిలింది. ఆ మిగిలిన ముప్పావు గంటను తనిఖీ వరుసల్లో, చెకిన్ నిరీక్షణలో మనం తిరిగి కట్టేస్తున్నాం. ఇది విమానాల తప్పని నేను అనడం లేదు. భద్రత కావాలి, తప్పదు. కానీ దగ్గరి ఊళ్ల మధ్య ప్రయాణాన్ని కొలిచేటప్పుడు గాలిలో నిమిషాలు మాత్రమే చూపించి గొప్ప చెప్పుకోవడం సరికాదు.

ఒకే రైల్వే చేతిలో రైలు, బస్సు, విమానం ఉండటం వల్ల ఏమొచ్చిందని అడగవచ్చు. ప్రయాణికుణ్ణి స్టేషన్ నుంచి స్టేషన్‌కు మోసే సరుకులాగా కాక, ఇంటి నుంచి ఊరికి పోయే మనిషిగా చూసే అవకాశం వచ్చింది. ఒకే సంస్థకు మూడు రకాల దారులూ తెలుసు. ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకోవడానికి కాలం సరిపోలేదు. 1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్ సహా దేశంలోని ఎనిమిది విమాన కంపెనీలు జాతీయమై, దేశంలోపలి దారులు ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేతికి వెళ్లాయి. రైలు ఒక మంత్రిత్వ శాఖకు, బస్సు రాష్ట్రానికి, విమానం ఇంకొక శాఖకు పోయాయి. ఆ ముగ్గురూ మళ్లీ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు.

మధ్యలో 1948 ఉంది. ఆ ఏడాది దూరానికి మరో అర్థం వచ్చింది. హైదరాబాద్ చుట్టూ భారత భూభాగమే, సముద్రం లేదు. సంస్థానానికి బయటి నుంచి ఆయుధాలు రావాలంటే గాలిలోనే రావాలి. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ పైలట్ లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి రాత్రిపూట తుపాకులు మోసుకొచ్చాడు. కరాచీ నుంచి బీదర్‌కు సూటిగా 1,300 కిలోమీటర్లు, చాలావరకు భారత ఆకాశమే. చీకట్లో దిగడానికి బీదర్ లాంటి చిన్న మైదానాలు పనికొచ్చాయి. సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయారు. ఆ రోజుల భయం గురించి పాతబస్తీ పెద్దలు, హిందువులైనా ముస్లింలైనా, తక్కువ మాట్లాడతారు. నేనూ ఎక్కువ అడగలేదు.

1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్ బేగంపేటలో దిగారు. ఎవరినీ ఎదురేగి ఆహ్వానించే అలవాటు లేని నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ రోజు తానే ఎయిర్‌పోర్టుకు వచ్చి చేతులు జోడించారు. ఆ ఫొటో చూడనివాళ్లు తక్కువ. అందులో నాకు పెద్దదిగా కనపడేది విమానం వచ్చిన దూరం కాదు, కింగ్ కోఠీ నుంచి బేగంపేటకు నిజాం వచ్చిన ఆ కొద్ది కిలోమీటర్లు.

నిజాం కాలం నాటి చిన్న మైదానాల్లో నా దృష్టి ఎప్పుడూ మామునూరు మీదే. వరంగల్ పక్కన, 1930ల నాటిది. ఆజంజాహీ మిల్లు వచ్చిన కాలంలోనే వరంగల్‌కు విమానం వచ్చింది. బట్టల మిల్లు, రైలు జంక్షన్, ఎయిర్‌పోర్టు మూడూ ఒకే తరంలో చూసిన ఊరది. బేగంపేట నుంచి మామునూరుకు గాలిలో సుమారు 130 కిలోమీటర్లు. డకోటాకు అది అరగంట. 1981 తర్వాత అక్కడ ప్రయాణికుల విమానం దిగలేదు. అదే ఏడాది చిన్న ఊళ్ల కోసమే వాయుదూత్ విమాన సంస్థ పుట్టిందన్నది గుర్తు చేసుకుంటే మనసు కలుక్కుమంటుంది.

నేను దుకాణం పెట్టేనాటికి పాతబస్తీ నుంచి విమానమంటే గల్ఫ్ ప్రయాణమే. బేగంపేటకు శాలిబండ నుంచి 13 కిలోమీటర్లు ఉంటుందేమో. కానీ అది చార్మినార్, మదీనా, నయాపూల్, ఆబిడ్స్, ఖైరతాబాద్, పంజాగుట్ట దాటి పోయే 13 కిలోమీటర్లు, ఊరు మొత్తం అడ్డం. ప్రయాణం చేసేది ఒక్కడు, సాగనంపడానికి గల్లీ అంతా. ముస్లింల ఇళ్లలో కొడుకు జబ్బకు ఇమామ్ జామిన్ కట్టేవారు. మా ఇళ్లలో హరిబౌలి అక్కన్న మాదన్న గుడిలో కొబ్బరికాయ కొట్టి, గడప దాటే ముందు దిష్టి తీసేవారు. రెండు మూడు ఆటోలు, ఒక అంబాసిడర్, ఏ అర్ధరాత్రో బయల్దేరేవి. దండల నుంచి మల్లెపూలు రాలుతూ ఉండేవి ఆ తోవంతా. దుబాయ్ విమానం మూడు నాలుగు గంటలు. దానికోసం ఇంట్లో తెల్లవార్లూ మేలుకునేవారు. ఆ రాత్రి ఎంత పొడుగో ఏ టైమ్‌టేబుల్లోనూ రాయలేదు.

2003లో చిన్న ఊళ్ల మాట మళ్లీ వినపడింది. ఆ సెప్టెంబర్‌లో ఎయిర్ దక్కన్ హైదరాబాద్–విజయవాడ మొదటి విమానం బేగంపేట నుంచి బయల్దేరబోయింది. లోపల వెంకయ్యనాయుడు, కేంద్ర మంత్రి రాజీవ్ ప్రతాప్ రూడీ ఉన్నారు. టేకాఫ్ వేళ ఇంజన్‌లో మంటలు రేగి అందరినీ దింపేశారు. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. ఆరంభంలోనే అంత పెద్ద దెబ్బ తగిలినా ఆ కంపెనీ ఆగలేదు. రైలు టికెట్ మీద కొంచెం ఎక్కువ పెడితే విమానం ఎక్కవచ్చని మామూలు మనిషికి నమ్మకం కుదిరింది అప్పుడే. ఆ మేలును నేను మరిచిపోను. మా దుకాణంలో టైలర్లు, బడిపంతుళ్లు, గాజుల దుకాణాల వాళ్లు విమానం టికెట్ల గురించి అడగడం అప్పటి నుంచే పెరిగింది.

తర్వాత 2008 మార్చి 23. బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయి, శంషాబాద్ మొదలైంది. సుమారు 5,500 ఎకరాలు, నాలుగు కిలోమీటర్లు దాటిన రన్‌వే. సికింద్రాబాద్, బేగంపేట వైపు వాళ్లు దూరమైందని బాధపడ్డారు. పాతబస్తీకి మాత్రం ఎన్నడూ లేని మేలు జరిగింది. శాలిబండ నుంచి కిలోమీటర్లు 13 నుంచి 20కి పెరిగినా, దారి ఊళ్లోంచి కాకుండా ఊరి బయటికి తిరిగింది. ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట దాటితే చాలు. ఎప్పుడూ అన్నిటికీ చివరన ఉండే మా బస్తీలు ఈ ఒక్క విషయంలో ముందువరుసలోకి వచ్చాయి.

ఆ ముందువరుసను ఎవరైనా గుర్తించారా అంటే లేదు. 2009 అక్టోబర్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్‌కు 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. అది పశ్చిమాన కొత్త నగరం కోసం. పాతబస్తీ వైపు నుంచి ఆరాంఘర్‌కు పోయే జూపార్క్ దారిలో నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచింది 2025 జనవరిలో. ఎయిర్‌పోర్టుకు దగ్గర ఉన్నవాళ్లకు పదిహేనేళ్లు ఆలస్యంగా దారి వేశారు. బహదూర్‌పురా చౌరస్తాలో, చాంద్రాయణగుట్ట మలుపులో ఆగిపోయిన కారులోంచి నాకు ఫోన్ చేసి "విమానం ఆగుతదా అన్నా" అని అడిగిన గొంతులు ఎన్నో విన్నాను. విమానం ఆగదు. అవతల కొడుకు పెళ్లి ఉండొచ్చు, తండ్రి చావు ఉండొచ్చు.

శంషాబాద్ కాగితాల్లో ఒక దూరం రాసి ఉంది. అదే నన్ను ఈ చరిత్రలోకి లాగింది. 2004లో కేంద్రం చేసుకున్న ఒప్పందం ప్రకారం కొత్త ఎయిర్‌పోర్టు తెరిచిన 25 ఏళ్ల దాకా, గాలిలో 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టును అభివృద్ధి చేయకూడదు. వేల కోట్లు పెట్టేవాళ్లకు ఆ భరోసా కావాలి, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ 150 కిలోమీటర్ల గీత ఎక్కడ పడిందో చూడండి. శంషాబాద్ నుంచి మామునూరుకు నేను కొలిచిన లెక్కలో దాదాపు 145 కిలోమీటర్లు. ఇంకో అయిదు కిలోమీటర్లు అవతల ఉంటే వరంగల్‌కు ఆ షరతు వర్తించేదే కాదు. బీదర్ 125 దగ్గర పడింది. అక్కడ వైమానిక దళం కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పుతూనే ఉంది, ఊరివాళ్లకు విమానం మాత్రం 2020 ఫిబ్రవరిలో బెంగళూరుకు మొదలైంది. ఓరుగల్లు ఎదురుచూపు ఇంకా పొడుగైంది. శంషాబాద్ నడిపే సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు దారి తెరిచింది.

కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కూడా దూరాన్ని, సమయాన్ని కలిపి ధర కట్టిన పథకమే. గంట ప్రయాణానికి, సుమారు 500 కిలోమీటర్లకు, విమానంలో సగం సీట్లు 2,500 రూపాయలకు మించకూడదన్నారు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో జెండా ఊపినరోజే కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ విమానాలూ మొదలయ్యాయి. కడపకు గాలిలో 305 కిలోమీటర్లు, నాందేడ్‌కు 245. నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే, మరాఠ్వాడాకు పోయిన బంధువులు మా బస్తీల్లో చాలామందికి ఉన్నారు. కడప పెద్ద దర్గాకు, నాందేడ్ గురుద్వారాకు పోయేవాళ్లు మా బల్ల దగ్గర పక్కపక్కనే కూర్చుని టికెట్ తీసుకున్న రోజులవి. ఆ రెండు దారులూ నడిపింది ట్రూజెట్, హైదరాబాద్ సొంత కంపెనీ, 2015లో పుట్టింది. 2022లో ఆగిపోయింది. బేగంపేట దక్కన్ ఎయిర్‌వేస్ ఏడెనిమిదేళ్లు, శంషాబాద్ ట్రూజెట్ ఏడేళ్లు. మా ఊరు కన్న విమాన కంపెనీల ఆయుష్షు ఇంతే ఉండటం నాకు బాధ.

మామునూరు తెరిస్తే హైదరాబాద్ నుంచి వరంగల్‌కు విమానం వేస్తారా అని అడుగుతున్నారు. వేయకూడదని నా మాట. 145 కిలోమీటర్లకు విమానం ముప్పావు గంట చూపిస్తుంది, గడప లెక్కలో నాలుగు గంటలవుతుంది. కాజీపేటకు రైలు అంతకంటే ముందే దింపుతుంది. మామునూరు విలువ హైదరాబాద్‌కు రావడంలో లేదు, హైదరాబాద్‌ను దాటి పోవడంలో ఉంది. వరంగల్ నుంచి నేరుగా తిరుపతికి, ముంబైకి, ఢిల్లీకి పోగలిగితే, పరకాల మనిషి, భూపాలపల్లి మనిషి అర్ధరాత్రి కారు మాట్లాడుకుని శంషాబాద్‌కు పరుగెత్తే బాధ తప్పుతుంది. చిన్న ఎయిర్‌పోర్టును పెద్దదానికి తోకగా కడితే అది మళ్లీ 1981లోకే పోతుంది.

మా వైపు ఇప్పుడు మెట్రో మాట నడుస్తోంది. 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. ఎంజీబీఎస్ (అదే ఇమ్లీబన్ బస్టాండు) నుంచి చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్లు. సాలార్‌జంగ్, చార్మినార్, శాలిబండ, ఫలక్‌నుమా స్టేషన్లు. రోడ్డు వెడల్పు కోసం గజానికి 81,000 రూపాయల లెక్కన చెక్కులు ఇచ్చారు, 2025లో గోడలు కూల్చడం మొదలైంది. తాతల నాటి దుకాణం ముందుభాగం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల నష్టానికి ఫలితం దక్కాలంటే ఒక పని జరగాలి. చాంద్రాయణగుట్ట నుంచి ఎయిర్‌పోర్టుకు పోయే లైను, ఈ 7.5 కిలోమీటర్ల లైను ఒకే రోజు తెరవాలి. మొదటిది కాగితం మీదే ఉండి రెండోది మాత్రం వస్తే, శాలిబండలో ఎక్కిన హజ్ యాత్రికుడు, గల్ఫ్ కూలీ, విజయవాడ పోయే పెద్దమ్మ చాంద్రాయణగుట్టలో పెట్టెలతో దిగి, మిగతా పదిహేను కిలోమీటర్లకు ఆటో మాట్లాడుకోవాలి. ఈ సంగతి చెబుతూ మా సడక్ దుకాణదారులం కొందరం అర్జీ రాశాం. అందులో రైలు, బస్సు, విమానం ఒకే చేతి కింద నడిచిన 1946ను కూడా ఉదహరించాను. రెండు లైన్ల తేదీలూ ఒకే కాగితం మీద అచ్చు వేసి ఇమ్మని అడిగాం.